ఏమీ చెయ్యదులేమ్మా

"రామ్మా, ఏమీ చెయ్యదులే."
ఈ మాట నమ్మినందుకే
మొగిలప్పన్న పిక్క మీద ఏడు కుట్లు.
మీటర్ల పని నేర్పేటప్పుడు
రీడింగు కంటే ముందు
ప్యాంటు పైకి లాగి అదే చూపించినాడు.

దామలచెరువు దాటినాక ఆ తోపు.
తోతాపురి కోతల కాలం.
గేటు కాడ కొంబై కుక్క,
కాల్చిన ఇటుక రంగు, మూతి మాత్రం మసి,
రాత్రంతా కాపలా కాసిన కళ్ళు.
మొరగదు. అదే భయం.

గొళ్ళెం రెండుసార్లు కొట్టినా.
పరిగెత్తలేదు. దాని కళ్ళలోకి చూడలేదు.
పక్కకి తిరిగి, బిల్లుల సంచి
మోకాళ్ళకి అడ్డం పెట్టుకొని
సున్నం కొట్టిన మామిడి మానులా నిలబడినా.

"కట్టెయ్యి పెద్దమ్మా, అప్పుడే వస్తా."
"మా సింగడు బంగారం కదా" అని గొణుక్కుంటా
గొలుసు తెచ్చింది కుప్పమ్మ.
ఆ ముంజేతి మీదా పాత గాట్లు.
నేనడగలేదు.

నూట పద్దెనిమిది యూనిట్లు.
చీటీ చింపిచ్చి గేటు మూసినాక
వెనక గొలుసు జారిన చప్పుడు.
కంచె లోపల అది, బయట నేను,
ఆఖరి రాతికూసం దాకా
ఒకే నడక.

అక్కడ ఆగిపోయింది.
దాని లైను అంతవరకే.
నాకింకా నలభై గేట్లుండాయి.