గోటితో ఒకసారి

ఇంటర్న్‌షిప్ అంటే మా క్లాసులో అందరికీ
విశాఖ, హైదరాబాదు, మెడలో నీలం తాడు.
నాకు దొరికింది ఉండి దాటాక కాలవగట్టు మీద
ఐసు ఫ్యాక్టరీ.
రేకుల షెడ్డు, ఉప్పునీటి తొట్టి,
కళ్ళలో నిమ్మకాయ పిండినట్టు అమోనియా.

మేనేజరు ముందు నన్నూ తర్వాత నా కొత్త బూట్లనీ చూసి
"రాత్రి డ్యూటీకి ఆడపిల్లేంటండీ" అన్నాడు.
కంప్రెసర్ ఆపరేటరు గుబ్బల ఏసుపాదం
నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ
"మిషనుకి తెలవదు కదండి, ఎవరొచ్చారో" అన్నాడు.
అలా ఉండిపోయాను.

నా పని లాగ్‌బుక్కు.
గంటకోసారి గేజీలు చూడాలి, అంకెలు రాయాలి.
సక్షన్, డిశ్చార్జి, నూనె మట్టం, తొట్టి చలి.
థర్మోలో నాకు తొంభై ఒకటి.
ఆ చక్రం మొత్తం కళ్ళు మూసుకుని గీస్తాను.
కళ్ళు మూసుకునే గీశానని
అప్పటికి తెలీదు.

మూడో వారం. రొయ్యల పట్టుబడులు ముమ్మరం.
గేటు బయట వ్యాన్లు, హారన్లు,
దిమ్మ దిమ్మకీ కేకలు.
పన్నెండింటికి డిశ్చార్జి పన్నెండు.
ఒంటిగంటకి పన్నెండు.
రెండింటికీ అదే.
ఎంత నిలకడో అని మురిసిపోయాను కూడా.
మూడింటికి లేవలేదు,
కూర్చున్నచోటే పన్నెండు రాసేశాను.

ఏసుపాదం టీ గ్లాసుతో గుమ్మంలో ఆగిపోయాడు.
చెవి ఒక పక్కకి వంచాడు.
నాకు వినబడేది రోజూ ఉండే రొదే.
నడిచొచ్చి గేజి అద్దం మీద గోటితో కొట్టాడు,
కాయలో నీళ్ళున్నాయో లేదో
కొబ్బరి దింపేవాడు చూసినట్టు.
ముల్లు ఉలిక్కిపడి పదహారు మీద నిలబడింది.

"ఆయ్, నిద్దరోయిందండి" అన్నాడు.
ముల్లునే అన్నాడు.

కాలవలో పంపు జల్లెడ నిండా గుర్రపుడెక్క.
ఆయన మొలలోతు దిగాడు. టార్చి నా చేతిలో.
కాసేపటికి టార్చి గట్టు మీద పెట్టి నేనూ దిగాను.
వేళ్ళు జడల్లా చేతులకి చుట్టుకున్నాయి,
బూటు ఒకటి బురదే ఉంచేసుకుంది.
పీకాం, పీకాం.
గొట్టం ఒక గుక్క మింగి, దగ్గి,
మళ్ళీ నీళ్ళు పైకెక్కాయి.

నాలుగింటికి పదమూడు.
కొట్టి చూసి రాశాను.

మూడింటి అంకె మీద వైట్‌నర్ పూయబోతే
చెయ్యి అడ్డం పెట్టాడు.
"చెరపకండమ్మా. ఒక్క గీత చాలు, పక్కన సంతకం.
పొద్దున్న డ్యూటీకొచ్చేవోడికి
మీ తప్పు కూడా కావాలండి."
గీత గీశాను. 'చూడలేదు' అని రాశాను,
తెలుగులోనే వచ్చింది.

కాలేజీ రిపోర్టులో 'నేర్చుకున్న అంశాలు' అని ఐదు గళ్ళు.
అందరూ రాసినవే నేనూ రాశాను.
ఫుల్ మార్కులు వేశారు.

ఇవాళ హైడ్రాలిక్స్ ల్యాబ్.
గోడవారన గేజి, నాలుగు పాయింట్ రెండు.
మేము చేరకముందే దాని మోటారు కాలిపోయిందట.
సీనియర్ల రికార్డుల్లో నాలుగు పాయింట్ రెండు,
వాళ్ళ సీనియర్లకీ అంతే,
మా బ్యాచీ వంచిన తల ఎత్తకుండా అదే ఎక్కిస్తోంది.

లేచి వెళ్ళాను. గోటితో ఒకసారి.
కదల్లేదు.
ఇంకొకసారి.
ముల్లు జారి సున్నాలో పడింది.

ల్యాబ్ అసిస్టెంటు స్టూలు కిర్రుమంది.
"ఏమ్మా, పాడుచేశావా?"

జవాబు చెప్పేలోగా
వెనక బెంచీలో ఉమాకాంతం
పెన్ను గాల్లో ఆపి అడిగాడు,
"మరి ఇప్పుడు మేమేం రాయాలే?"