అయిదింటి బస్సు సద్ది

కొత్తవాడల ఇంకా ఏ మగ్గమూ లేవలేదు.
మా మూకుడు ఒక్కటే లేచి చిటచిటమంటున్నది.
ఉల్లిగడ్డ కోస్తున్న.
కండ్లల్ల నీళ్ళు ఉల్లిగడ్డవే,
ఎవలన్న అడిగితె గదే చెప్త.

లోపల్నుంచి లీల కేకేస్తది:
"కాకీ కోటుకు గుండీ కుట్టినవా?"
కుట్టిన.
జంపఖానా నేసే దారంతోనే కుట్టిన.
కోటు చినుగుతదేమో గని గుండీ ఊడదు.

అయిదింటికి ఏటూరునాగారం బస్సు.
చేతిల టికెట్ మిషను, భుజానికి సంచి,
సంచిల నేను కట్టిన సద్ది.
కింది గిన్నెల బువ్వ,
నడుమ చింతచిగురు పప్పు,
మీది గిన్నెల ఏమున్నదో చెప్ప.
పస్రా దాటి అడివి మొదలైనంక
తానే మూత తీసి చూసుకుంటది.

మొదట్ల గిట్ల గాదు.
"సాయం చేస్తున్న గద" అనేటోన్ని.
ఒక రాత్రి బోళ్ళు తోముకుంట
వెనుకకు మర్రకుంటనే అన్నది:
"సాయమా? ఎవలింట్ల చేస్తున్నవ్?"
నల్లా బందు చేసింది.
ఇల్లంత సప్పుడు లేదు.
ఆ మాట ఇప్పటికీ సింకులనే ఉన్నది,
ఎంత తోమినా పోతలేదు.

సర్వపిండి నేర్చుకునుడు ఇంకో కత.
ఫోన్ల మా అమ్మ చెప్తుంటె
గిన్నె అంచుల దాక పిండి అద్ది
ఏలుతోని బొక్కలు పెట్టిన,
ఇరవై ఏండ్లు పోగులు ముడేసిన ఏలే.
మొదటిది మాడింది.
రెండోది గిన్నెను ఇడిసిపెట్టలేదు.
మూడోదాన్ని లీల సగం తిని
సగం డ్రైవర్ కొమురన్నకిచ్చింది.
"మీ ఆడిబిడ్డ చేసిందా?"
"మా ఇంటాయన."
ములుగు దాక ఆయన మాట్లాడలేదట.
ములుగుల బ్రేకేసి మాత్రం
"రేపేం తెస్తవమ్మా" అన్నడట.

సొసైటి కాడ మావోళ్ళు నవ్వుతరు,
"ఏందిరా, కండె ఇడిసి గంటె పట్టినవట?"
నేను సుత నవ్వుత.
కండె కూలి రెండు నెలల్నుంచి రాలేదు,
గంటె కూలి ఎన్నడూ ఎవలికీ రాలేదు.
గీ లెక్క మా అమ్మకు తెల్సు,
వాళ్ళ అమ్మలకు తెల్సు.
అడిగినోడే లేడు.

సాయంత్రం సంచి తెరిస్తె
గిన్నెలు నాతోని మాట్లాడుతయి.
పప్పు అడుగు తుడిచినట్టుంటె
బస్సు నిమ్మలంగ నడిచింది.
బువ్వ సగం మిగిలితె జాతర జనం,
జీరో టికెట్లు కొట్టి కొట్టి బొటనేలు వాచింది.
మీది గిన్నెల ఎవలిదో మామిడి తొక్కు వాసనొస్తె
డిపోల ఆడోళ్ళంత ఒక్కకాడ కూసున్నరు.

పోయిన శనివారం
డబ్బా నిండుగ మర్రొచ్చింది.
మూత సుత తియ్యలేదు.
చింతచిగురు నల్లబడ్డది.
ఏమైందని అడుగలేదు.
అడుగొద్దని గాదు, అడుగుడు రాలేదు నాకు.
నీళ్ళు కాగబెట్టిన.
బకెట్ల కాళ్ళు పెట్టుకొని
గోడ దిక్కు చూసుకుంట కూసున్నది.

ఆ సద్ది నేనే తిన్న,
పులిసిందాన్ని, సల్లటిదాన్ని, మెతుకు ఇడువకుంట.
అప్పుడు తెల్సింది
నేను ఉప్పు ఎక్కువేస్తున్ననని.
ఇన్ని దినాలు ఆమె చెప్పనే లేదు.

రాత్రి పదకొండింటికి నల్లా వచ్చింది.
ఇద్దరం లేచినం.
ఆమె బిందె పట్టింది, నేను పైపు పట్టిన.
నీళ్ళ సప్పుడుల అన్నది,
"చిల్లర ఇయ్యలేదని ఒకడు చెయ్యి పట్టి గుంజిండు.
బస్సు నిండ మనుషులే."
నేను పైపును ఇంక గట్టిగ పట్టుకున్న.
బిందె నిండి పొర్లింది,
ఇద్దర్ల ఒక్కలం బందు చేయలేదు.

ఇయ్యాల ఉప్పు తగ్గించిన.
మీది గిన్నెల రెండు సర్వపిండ్లు,
ఒకటి కొమురన్నకు.
మూత బిగించి గుడ్డ చుట్టి
ముడేసిన,
ఒక్క చేత్తోని గుంజితె ఊడేటట్టు.