కట్టు మీది సంతకం

లాలాగూడ రైల్వే దవాఖానల డ్రెస్సర్‌ని నేను.
ఇరవై తొమ్మిదేండ్లు గాయాలు కడిగిన.
వర్క్‌షాపుల నలిగిన వేళ్లు,
వెల్డింగుకు పొక్కిన మోచేతులు.
బొంకూరి జెర్మియా చేతులు మాత్రం
గాయం కాకముందే నా తానకు వచ్చినయి.

ఇన్‌స్టిట్యూట్ హాలు ఎనుక, రేకుల షెడ్డుల
రిటైరైన లోకో డ్రైవరు డెస్మండ్ సాబ్
ఇసుక నింపిన టపా సంచి వేలాడదీసిండు.
"ఆగయ్యా, వీని చెయ్యి చూడు" అన్నడు.
చూసిన.
పదహారేండ్ల పోరడు. గుంజ లెక్క మణికట్టు.
వేళ్లు మాత్రం పొడుగు,
ఆదివారం చర్చిల హార్మోనియం వాయించే వేళ్లు.

గుడ్డ చుట్టుడు ఎవరికైన వస్తదనుకుంటరు.
మణికట్టుకు మూడు సుట్లు, బొటనవేలు కిందికెల్లి ఒకటి,
మెటికల మీద మెత్త.
గట్టిగైతే నెత్తురాగుతది, వదులైతే ఎముక ఇరుగుతది.
రెండూ కానిదేందో నా వేళ్లకు తెలుసు,
నోటితోని చెప్పరాదు.

మే నెలల, మెట్టుగూడ ఎత్తు మీద
రెయిన్‌కోటు తొడుక్కొని ఉరికేటోడు.
డబ్బాల ఉమ్మి ఉమ్మి బరువు దించేటోడు.
సికింద్రాబాద్ స్టేషన్ల పార్సిల్ కాంటా మీద
మామిడికాయ బుట్టల నడుమ నిలవడితే
అరవై ఒకటీ రెండొందలు.
గుమస్తా నవ్విండు, "ఎక్కడికి బుక్ చెయ్యాలె?"
"బ్యాంకాక్" అన్నడు జెర్మియా.

మొదటి కొట్లాటకు ఆరువేలన్నరు, మూడే ఇచ్చిన్రు.
యూసుఫ్‌గూడ స్టేడియంల మనుషుల కన్న కుర్చీలెక్కువ.
నాలుగో రౌండుల అవతలోడు పడ్డడు.
జెర్మియా వంగి లేపబోయిండు,
రెఫరీ మూలకు తోసిండు.
రాను రాను లేపబోవుడు మానేసిండు.

పైసల కొట్లాటల ఒక రివాజున్నది.
నేను చుడుతుంటె అవతలి మనిషి పక్కన నిలవడి చూస్తడు,
లోపల సున్నమో ఇనుమో దాస్తనని.
చుట్టినంక ఇన్‌స్పెక్టరు పెన్ను తీసి
కట్టు మీద సంతకం పెడతడు.
ఎన్ని భాషల సంతకాలు ఆ చేతుల మీద!
ఇరవై రెండు గెలుపులని పేపరోళ్లు రాసిన్రు.
నేను గాజుగుడ్డ చుట్టలే లెక్కపెట్టిన.

బ్యాంకాక్‌ల, బెల్టు రాత్రి,
చుడుతుంటె నా వేలికి తగిలింది.
కుడి చెయ్యి, చిటికెనవేలు ఎనుక ఎముక
బియ్యంల రాయి లెక్క కదిలింది.
వాని మొకం చూసిన.
వాడు గోడ గడియారం చూస్తున్నడు.
అంత మంచిదేనా అని అడిగిన్రు.
మంచిదే అన్న.
ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టిండు.
గుడ్డ మీద పేరు ఆయనది, అబద్ధం నాది.

పన్నెండు రౌండ్లు. ఆ చేత్తోనే.
ఎల్లుండికి లాలాగూడ గేటు కాడ మర్ఫా మోగింది,
బెల్టును బిర్యానీ దేగిశ లెక్క నలుగురు మోసిన్రు.
నేను ఇంటికి వోయి పన్నెండు గంటలు పన్న.

తర్వాత ఐదు కొట్లాటలు.
రెండు గెలిచిండు, కాయితం మీద.
ఆఖరిదాంట్ల ఎనిమిది దాక లెక్క ఇనవడ్డదన్నడు.
తొమ్మిది ఇనవడలేదట.

మొన్న తార్నాక బ్యాంకుకు తోలుకపోయిన.
మూడుసార్లు సంతకం పెట్టిండు, మూడూ మూడు తీర్లు.
పాతదానితోని కలుస్తలేదని కౌంటరు కాడి పిల్ల
ఇంకు ప్యాడు ముందుకు జరిపింది.
"వేలిముద్ర వేస్తరా అంకుల్?"
ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు తెలువది.
బొటనవేలు.
పిడికిలి బిగిస్తే బయటనే ఉండే వేలు,
ఎవ్వన్నీ కొట్టని వేలు.
ముద్ర సాఫుగ పడ్డది, గీతకు గీత.

బస్టాపు కాడ సిరా తుడవమని చెయ్యి చాపిండు.
నా జేబుల గాజుగుడ్డ ముక్క ఇప్పటికీ ఉంటది.
"ఆ రాత్రి నీకు తెలిసింది గదా ఆగన్నా."
తెలిసిందన్న.
"చెప్పేస్తవేమోనని మస్తు భయపడ్డ."

చెప్తే బాగుండునని కూడ అంటడేమో అనుకున్న.
వేలు తుడుస్తా తుడుస్తా
ఆగిన.
బస్సు వచ్చింది.