తొంభై ఒకటికే మరిగే నీళ్ళు

నా వ్యానుని ఇక్కడ అందరూ రొట్టె అంటారు,
ఆకారం అలాంటిది.
రొట్టె కడుపులో రొట్టెలు,
నూట అరవై, తందూరు నుంచి అప్పుడే దిగినవి,
దుప్పట్ల కింద చెమటలు పట్టి పడుకుని ఉంటాయి.
వెనక వాటికి వేసవి.
ముందు సీట్లో నాకు మైనస్ ముప్ఫై ఒకటి.

నారిన్ దాటి నాలుగో మలుపు దాకా
నా ఊపిరే అద్దం మీద బూజులా పేరుకునేది.
తెల్లారిందో లేదో గోకి చూసుకోవాలి.
హీటరు మీట ఎర్రగీత చివరికి లాగితే
వచ్చేదీ చల్లగాలే, కాస్త జోరుగా.
అందరూ చెప్పిందే చేశాను:
రేడియేటరు ముందు అట్టముక్క,
దాని మీద చిల్లులు పడ్డ ఉన్ని తివాచీ.
అయినా ముల్లు యాభై దగ్గరే కూర్చుంది,
అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడిలా.

జోల్దోష్ పాతది విప్పి నా అరచేతిలో పెట్టాడు.
ఇత్తడి బిళ్ళ, దానికో స్ప్రింగు,
నడుమ చిటికెనవేలంత బుడిపెలో మైనం.
"వేడికి మైనం ఉబ్బి తలుపు తోస్తుంది,
చల్లబడితే స్ప్రింగు మూసేస్తుంది.
ఇంకో విద్య రాదు దీనికి.
నీది ఆ ఒక్కటీ మరిచిపోయింది."
తలుపు అంచున అగ్గిపుల్ల మందం సందు.
ఎన్ని చలికాలాలుగా అందులోంచి
నా పాదాల వేడి కొండల పాలయిందో!

బజారులో మూడు దొరికాయి.
ఎనభై. ఎనభై ఏడు. తొంభై రెండు.
"పెద్ద అంకె తీసుకో, పెద్ద వేడి" అంది కొట్టు బురుల్చా
పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఊస్తూ.
జోల్దోష్ తల అడ్డంగా ఊపాడు:
"అంకె చెప్పేది చివరికి ఎంత కాగుతుందన్నది.
తొందరగా కావాలంటే
మూసినప్పుడు గట్టిగా మూసుకునేది చూసుకో."

ఎలా చూసుకోవాలో కూడా అతనే చెప్పాడు.
రాత్రి మూడు దారాలు తీసి
ఒక్కో తలుపు సందులో ఒక్కో కొస ఇరికించి
అత్తగారి మాంసం గిన్నెలో వేలాడదీశాను,
పాలు కాచే థర్మామీటరు పక్కన.
ఆవిడ బుగ్గ నొక్కుకుంది:
"ఇనుము ఉడకేసి ఏం పులుసు పెడతావే సల్కినాయ్?"
(సల్కినాయ్ అంటే చల్లని జాబిలి. నవ్వుకోండి.)

ఎనభైది డెబ్భై ఆరుకే టంగుమని రాలింది,
పిలవకముందే పలికే రకం.
ఎనభై ఏడు అదే అంకె దగ్గర
దారం వదిలి నెమ్మదిగా మునిగింది.
తొంభై రెండు వేలాడుతూనే ఉంది.
మంట పెంచాను. నీళ్ళు గిన్నె అంచులు తన్ని
పొయ్యి మీద చిమ్మాయి. ఊహూ.
తప్పు దానిది కాదు.
ఇంత ఎత్తున మా నీళ్ళు తొంభై ఒకటికే మరిగి
ఇక ఎక్కనని మొండికేస్తాయి.

"ఇంజనులో మూత బిగించి ఉంటుంది,
ఒత్తిడికి అక్కడ ఎక్కుతాయి, తలుపూ తెరుచుకుంటుంది"
అన్నాడు జోల్దోష్ మర్నాడు.
కావచ్చు.
నేను చూడలేదు కదా.
మునగడం నా కళ్ళతో చూసినదాన్నే బిగించమన్నాను.

ఇదివరకు నా కాలివేళ్ళు తిరిగి నావయ్యేది
పదిహేడో కిలోమీటరులో,
మట్టి గుమ్మటాల సమాధుల దగ్గర.
ఇవాళ పెట్రోలు బంకు దాటీ దాటకముందే
ముందు కుడి బొటనవేలు,
ఆ తర్వాత సూదుల్లా మిగతావన్నీ.
అద్దం మీద మంచు కింది నుంచి కరిగి
రోడ్డు జానెడు జానెడు కనబడింది.

వంతెన దగ్గర బుబుకాన్ అవ్వ ఎక్కింది,
మూడు గొర్రెల తోలు ఒంటి మీద వేసుకుని.
కాసేపు మాట్లాడలేదు.
తర్వాత మెడ దగ్గర గుండీ తీసింది. ఇంకోటి.
"ఏమే, తందూరు ముందుకి మార్చావా?
కిటికీ దించు, చస్తున్నాను."

పెద్దావిడ మాట.
అగ్గిపుల్ల మందం దించాను.
దించి, ఆ సందు వంక చూసి,
మళ్ళీ ఎక్కించేశాను.