ఎర్రబడని ఇనుము

ముప్పై రెండేళ్లు షిప్‌యార్డులో వెల్డింగు చేశాను.
కాలిన ఇనుము నన్నెప్పుడూ మోసం చెయ్యలేదు,
ఎర్రబడి, దగ్గరికి రావద్దని చెప్పేది.
శ్రీహరిపురం పార్కులో ఈ జారుడుబల్ల అలా కాదు.
మే నెల పన్నెండింటికి
తోమిన కంచంలా మెరుస్తూ
పిల్లల్ని రమ్మంటుంది.

వాచ్‌మన్ పనేముంది, కుర్చీ వేసుక్కూచోడమే అన్నారు.
కూర్చున్నాను మొదటి వేసవి. కునుకు కూడా తీశాను.
సముద్రం ఇక్కడికి కనపడదు,
దాని చెమట మాత్రం వస్తుంది.
ఆ జిడ్డు నిద్రలోంచి
హన్విక అరుపుకి లేచాను.
గౌను కింద, తొడల వెనక, రెండు ఎర్రటి చారలు.
నా చేతులనిండా మచ్చలే,
అన్నీ జీతం తీసుకుంటూ పడ్డవి.
ఆ పిల్ల ఆడుకోడానికొచ్చింది.

కుళాయి తిప్పితే మొదట వేణ్ణీళ్లే, ట్యాంకూ ఎండలోదే కదా.
చల్లబడేదాకా వదిలి, అప్పుడు పోశాను.
వాళ్లమ్మ పేస్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.
వద్దమ్మా, నీళ్లే. ఇంకా నీళ్లే.
ఇరవై నిమిషాలు ముగ్గురం ఏడ్చాం,
నేను లోపల్లోపల.

ఇప్పుడు పదింటికల్లా గోనెసంచులు తడిపి
బల్లమీద కప్పుతాను.
ఊయల గొలుసులకి ముంజేతి వెనకవైపు ఆనిస్తాను.
అరచేతిని నమ్మను.
కాయలు కాసిన చెయ్యది, దానికి మంట తెలీదు.

గేటుకి గొలుసేస్తే గోడ దూకారు.
గోడ దగ్గర నిలబడితే వాళ్ల అమ్మలొచ్చారు.
"రేకులింట్లో ఉడికిపోతన్నారు గుంటలు,
ఎక్కడికెళ్లమంటావు మాయ్యా?"
నా దగ్గర జవాబు లేదు.
గేటు తీశాను.
బల్లకి కాదు, కానుగచెట్టుకి.
దాని కింద ఒక కుండ, రెండు గ్లాసులు, గచ్చుమీద సుద్దతో అష్టాచెమ్మా.
నీళ్లు తాగని వాడికి పందెం లేదు.

"తౌడు తాతా!" అని పిలిచి కిసకిసా నవ్వుతారు.
నాకు ముందు ఇద్దరు పోయారట.
మూడోవాణ్ణి పక్కింటామె ఒళ్లో పెట్టి
చేటెడు తౌడిచ్చి తిరిగి కొనుక్కుంది మా అమ్మ.
ఆమెకి తెలిసిన కాపలా అంతే.
నాకు తెలిసింది గోనెసంచి.

కానుగ నీడ పాక్కుంటూ వెళ్లి
మూడో మెట్టు దాటితే ఆట మొదలు.
నిన్న దాటింది. సంచి తీసేశాను.
కిరీటిగాడు ఎక్కబోయాడు.
హన్విక వాడి చొక్కా పట్టి ఆపింది.
వంగి, తన ముంజేతిని
వెనకవైపు తిప్పి రేకుకి ఆనించింది.
లోపల ఏదో లెక్కపెట్టుకుంది.

"ఇంకా కాల్తంది తాతా" అంది.
"సంచి కప్పు."