రాత్రికి మళ్ళీ అడగాలి

సత్రాన్నే ఆసుపత్రి చేసిన దినాలవి.
గోడ మీద పాత అక్షరాలు అట్నే ఉండాయి:
"గదులలో వంట చేయరాదు.
మీ వస్తువులకు మీరే బాధ్యులు."
తొమ్మిదో మంచంలో, ముక్కుకి గొట్టంతో,
ఆ రెండో మాటే చదువుకుంటా పడుకోనుంటి.
ఊపిరి కూడా వస్తువేనేమో, తెలీదు.

ముప్పై ఏండ్లు కొండ మీద, కల్యాణకట్టలో
కత్తి పట్టినోణ్ణి.
టోకెను, అర బ్లేడు, తడిసిన తల.
ఎన్ని వేల తలలు వంగినాయో నా ముందర!
అయినా బ్లేడు ఆనించే ముందర అడగాల్సిందే:
"గుండా అమ్మా, మూడు కత్తెర్లా?"
మూడే అనిందంటే మూడే.
నాలుగోది దేవుడిక్కూడా లేదు.

ఈడికొచ్చేటోళ్ళు తెల్ల సంచుల మాదిరి ఉండారు,
అద్దాలకి ఆవిరి, కండ్లు కనపడవు.
సూది ఎవురు గుచ్చినారో, పక్కకి ఎవురు తిప్పినారో.
ఒకామె మటుకు ఎద మీద స్కెచ్ పెన్నుతో రాసుకోనుండె:
"శాంభవి. డాక్టరు. పీలేరు."
పీలేరని ఎందుకు రాసుకునిందో,
అది చదివినాక నాకి కొంచెం గాలాడింది.

"మునిశేఖరన్నా, పెద్ద మాస్కు పెట్టాల.
మీసం అడ్డమై గాలి పక్కకి పోతాంది.
తీసేదానికి ఒప్పుకుంటావా?"

వద్దన్నా.
ఊరోళ్ళ మీసాలన్నీ తీసినోడికి
తన మీసమంటే ఇంత ముద్దా అని నవ్వుతాదనుకున్నా.
నవ్వలా.
"ఎందుకన్నా" అనింది, మంచం పక్కన వంగి.

మా నాయన పోయిన పదో దినం తీసినా.
ఇంగ తీసేది అమ్మ పోతేనే.
అమ్మ వడమాలపేటలో బతికుండాది,
ఆ శకునం నేనే ఎట్లా...
అంతవరకే ఊపిరి.
మిగతాది చేత్తో చెప్పినా.
వరండాలో స్ట్రెచర్ల చక్రాలు కిర్రుమంటాండాయి,
ఎవురో "మేడమ్, మేడమ్" అంటాండారు.
ఆమె నా చెయ్యి చెప్పేది అయ్యేదాకా చూసింది.

కాగితంలో రాసి, నాకే చదివి వినిపించింది:
"మీసం వద్దన్నారు. కారణం చెప్పినారు.
రాత్రికి మళ్ళీ అడగాలి."
అడిగే మీసానికి వ్యాసలీను పూసి
మాస్కు అదిమి పట్టుకోని నిలబడింది,
చెయ్యి మార్చి చెయ్యి.

ఆ సాయంత్రం వీధి పెద్ద ఎవరో ఫోను చేసినాడు,
ఈడుండేటోళ్ళ పేర్లు కావాలంట, గ్రూపులో పెట్టేదానికి.
"వాళ్ళ పేర్లు వాళ్ళవి సార్" అని పెట్టేసింది.
నేను గోడ కల్లా చూసినా.

కొత్త ఇంజెక్షను తెచ్చినబ్బుడు చెప్పింది:
"ఇది పనిచేస్తాదో లేదో మాకూ సరిగ్గా తెలీదన్నా."
అంత చదువు చదివినోళ్ళు తెలీదనేది
నేను ముందెబ్బుడూ వినలా.
భయమేసింది. నమ్మకం కూడా అబ్బుడే కుదిరింది.

రాత్రి అడిగింది. వద్దన్నా.
తెల్లారుజామున మళ్ళీ అడిగింది,
వేలికి పెట్టిన క్లిప్పులో అంకె చూపించి,
అది ఇంకా దిగితే ఏమౌతాదో దాచకుండా చెప్పి.
కవర్లో చుట్టిన తన ఫోను నా చెవికి పెట్టింది.

అవతల అమ్మ.
"ఎంటికలే కదరా, మొలుస్తాయి.
నా పేరు చెప్పి నువ్వు సావొద్దు."

కత్తి నాకియ్యమన్నా. చెయ్యి వణికింది.
"మణికట్టు పట్టుకోనా?" అనింది.
పట్టుకునింది గానీ, పనితనం సున్నా,
పెదివి కాడ గాటు.
ఆ మచ్చ ఇంకా ఉండాది, కొత్త మీసం కింద.

ఇబ్బుడు మళ్ళీ కొండ మీదనే ఉండా.
నిన్న ఒక పిల్లోడు, మూడేండ్లుంటాయి,
తల్లి ఒళ్ళో గింజుకుంటా ఏడస్తాండాడు.
"తల గట్టిగా పట్టుకుంటా, కానీయన్నా" అనింది తల్లి.
ఎనకాల లైను తోసుకుంటాంది.
నీళ్ళ చెంబు కింద పెట్టి
వాడి చెవి కాడికి వంగినా:
"చెయ్యనా నాయనా?"
వద్దన్నాడు.

పక్క టోకెను పిలిచినా.
కొంచేపాగి అడగాల.