వెంట్రుకవాసి

టాలిన్ నుంచి స్టాక్‌హోమ్ పోయే ఓడలో
నా గది వెడల్పు నా చేతులు చాపినంత.
రెండు పడకలు. చెల్లో లోపలికొస్తే ఇర్యా బయట నిలబడాలి.
ఇర్యా వంటింటి మనిషి, తెల్లారి నాలుగింటికి
ఏడొందల మందికి పిండి పిసకాలి.
ఆమె నిద్ర మీద వాయించేంత మొండితనం నాకు లేదు.

అందుకని పొట్ట లేని చెల్లో ఒకటి మొదలుపెట్టాను.

బార్ కౌంటర్ పీకేసిన ఏడు
ఒక మేపుల్ పలక దాచుకున్నాను.
చిత్రిక పడుతుంటే గ్లాసులు నిలబడ్డ వలయాలు
ఒక్కొక్కటే లేచిపోయాయి.
ఒకటి మాత్రం ఎంత చెక్కినా దిగుతూనే ఉంది.
ఎవడు తాగాడో, ఎంతసేపు కూర్చున్నాడో.
ఉండనీలే అన్నాను.

పొగ అలారం ఒకటి చెడిపోతే
దాని గుండెలోంచి పియెజో బిళ్ళ ఊడదీశాను.
అరవడం తప్ప ఎరగదది.
బ్రిడ్జి కాళ్ళ కింద పడుకోబెట్టి
ఇక విను, అన్నాను.

ఇంజనీర్ హిల్లార్ చేతులు తుడుచుకుంటూ వచ్చి
"చెల్లోని ఎవరు తినేశారు, ముల్లు మిగిలింది?" అన్నాడు.

నవ్వాను గానీ
తీగలు బిగించి మొదటిసారి కూర్చున్నప్పుడు
మోకాళ్ళు దగ్గరికొచ్చి దేన్నీ తాకలేదు.
ఇరవై ఆరేళ్ళు పట్టుకున్న వెడల్పు వాటికి కంఠతా వచ్చు.
గాలిని పట్టుకుని వణికాయి.
పారేసిన డెక్ కుర్చీ గొట్టం వంచి
రెండు పక్కలా రెండు రెక్కలు పెట్టాను,
లేని పొట్టకు అంచులు.
పలక చెక్కడానికి నాలుగు రాత్రులు పట్టింది.
లేనిదాన్ని చెక్కడానికి పదకొండు.

అయినా రొద. హెడ్‌ఫోన్‌లో ఒకటే జుమ్మని.
తీగ మీద వేలు పెడితే ఊరుకుంటుంది,
తీస్తే మళ్ళీ మొదలు,
జోకొట్టే చెయ్యి ఆగగానే లేచే పిల్లలాగా.
ఎర్త్ కావాలి.
నేను ఈ ఓడ ఎలక్ట్రీషియన్ని, నాకెవరూ చెప్పక్కర్లేదు.
ఇక్కడ ఎర్త్ అంటే మట్టి కాదు.
ఇనుప ఒళ్ళు. దాని కింద నీళ్ళు.
తీగల కొసల నుంచి ఒక రాగి వైరు లాగి
పడక కాలికి బిగించాను.
బాల్టిక్ సముద్రం మొత్తం
నా జుమ్మును తాగేసింది.

పూర్తిగా కాదు.
మిగిలిన సన్నపు వణుకు వైరుది కాదు, నేలది.
చెల్లో ముల్లు ఉక్కు నేలను గుచ్చుకుని
జనరేటర్ ఊపిరిని పైకి తెస్తోంది.
పాత చెప్పు కోసి రబ్బరు ముక్క వేశాను.
నిశ్శబ్దం. చలికాలం సగం అలాగే వాయించాను,
విల్లు, తీగ, నేను, ఇంకెవరూ లేకుండా.

ఫిబ్రవరిలో, ఓలాండ్ దీవుల దగ్గర,
ఎందుకో ఆ రబ్బరు తీసేశాను.
మంచు పలకలు ఓడ పక్కల్ని గీరడం వచ్చింది.
ఎక్కడో ఒక తలుపు. ప్రొపెల్లర్.
ఇర్యా పక్కకి ఒత్తిగిల్లడం.
వాటన్నిటి అడుగున జనరేటర్,
నా జి తీగ కంటే వెంట్రుకవాసి పైన.
రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి.
ఓడను దించలేను కదా.
తీగనే పైకి బిగించాను.

సెలవు ఆదివారాలు కోప్లి పేటలో నలుగురం కలుస్తాం,
ఒడ్డున నాకు పాత చెల్లో ఉంది, పొట్టతో సహా.
మొన్న లీడా విల్లు ఆపేసింది.
"నువ్వు కాస్త పైనున్నావ్."

తెలుసు, అన్నాను.
మర తిప్పలేదు.